ధనంజయ వద్దన్న శాలువా

శాలువా కప్పబోతే ధనంజయ వెనక్కి జరిగాడు. ఏటా జరిగేదే. పునర్జన్మ సంఘం సభ్యులు ముసిముసిగా నవ్వుకున్నారు.

"నాదేం లేదమ్మా ఇందులో," అన్నాడు ఆయన.

"ఏమీ చెయ్యకపోవడమే సార్ మీరు చేసిన ఘనకార్యం!" అంది సంఘం అధ్యక్షురాలు ఆనందమ్మ మైకులో. చప్పట్లు మోగాయి. చిత్తూరులో ఆమెకు పట్టుబట్టల కొట్టు ఉంది. శాలువా ఆ కొట్టుదే.

తిరుచానూరులో ఒక లాడ్జి హాల్లో ఆ సంఘం ఏటా ఇదే తేదీన కలుస్తుంది. పొద్దున్నే అమ్మవారి దర్శనం, పదకొండింటికి ధనంజయకు సన్మానం, ఆ తర్వాత భోజనాలు. సభ్యత్వానికి ఒకటే అర్హత. పద్దెనిమిదేళ్ల కిందట ఆ విమానంలో ఉండి ఉండాలి.

ఉత్తరాది యాత్ర ముగించుకుని వస్తున్న విమానం అది. గాలివానను తప్పించుకోబోయి సరిహద్దు దగ్గర దారి మళ్లింది. అసలే యుద్ధం వస్తుందేమోనని జనం హడలిపోతున్న రోజులు. రాడార్‌లో దాన్ని చూసిన సైనికులు శత్రు విమానం అనుకున్నారు. కూల్చేయమని ఆర్డరు వచ్చింది. క్షిపణి బటన్ ఉన్న చిన్న గదిలో అప్పుడు ఉన్నది ఒక్కడే, హవల్దారు ధనంజయ. మన పలమనేరు మనిషి. క్షిపణి వెళ్లలేదు. నిమిషం తిరక్కుండా ఫోను వచ్చింది. ఆపండి, అది ప్రయాణికుల విమానం, అందులో నూట పన్నెండు మంది ఉన్నారు, అని.

ఆర్డరు వచ్చినా ఎందుకు ఆగావని విచారణలో అడిగితే ధనంజయ భోరున ఏడ్చాడట. ఇంకేం, పతకం ఖాయమైంది.

ఈసారి ఆయన ఉత్త చేతులతో రాలేదు. ఒక అర్జీ తెచ్చాడు. కుర్చీలు మోస్తున్న లాడ్జి వాచ్‌మన్‌ను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చాడు. నాలుగు మెట్లు ఎక్కేసరికే ఆ మనిషికి ఆయాసం వచ్చింది.

"ఈడ కుచ్చో అప్పా," అని అతణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, సభ వైపు తిరిగాడు. "ఈయప్ప పేరు వెంకటముని. అప్పుట్లో మా దళంలో మెకానిక్కు. ఇప్పుడు గుండె పాడైపోయుండాది. ఆపరేషన్ చెయ్యాల. మాజీ సైనికుల ఆసుపత్రికి పోతే, బర్తరఫ్ అయినోళ్లకు ఈడ వైద్యం లేదన్నారు. ఆ బర్తరఫ్ కొట్టెయ్యమని అర్జీ రాసినాను. ఆ విమానంలో ప్రాణాలు దక్కినోళ్లే అడిగితే పైవాళ్లు ఇంటారని వకీలు చెప్పినాడు. మీరంతా సంతకాలు పెట్టాల."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఎందుకు బర్తరఫ్ చేసినారు?" అని అడిగింది ఆనందమ్మ.

వెంకటమునే తల దించుకుని చెప్పాడు. "ఆ పొద్దే మా ఇంటిదానికి కాన్పయిందని ఊర్నించి ఫోనొచ్చిందమ్మా. సంతోషంలో చేస్తా ఉన్న పని సగంలో ఇడిసిపెట్టి ఉరికినాను. మళ్లా ఆ పని సంగతే మర్సిపోయినాను. వారం తర్వాత తనిఖీలో అది బయటపడింది. తప్పు నాదే. వద్దు సార్ అంటే ఈయన ఇనరు."

ఆనందమ్మ అర్జీని మడిచి ధనంజయ చేతిలో పెట్టేసింది. ఆమె చెడ్డ మనిషేం కాదు. ఆ విమానంలో ఆమె ఇద్దరు పిల్లలూ ఉన్నారు. తల్చుకుంటే ఈనాటికీ ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

"మీరేం అనుకోవద్దు సార్. మీరు జాగ్రత్తగా ఉన్నారు కాబట్టి నా బిడ్డలు బతికినారు. అట్లాంటి చోట పని మర్సిపోయినోడికి మేం సంతకాలు పెట్టాలా? ఆ గదిలో మీకు బదులు ఈయన ఉండుంటే మా గతేమయ్యుండును?"

నిజమే నిజమే అన్నారు అందరూ. వెంకటముని కూడా తలూపాడు. మెల్లగా లేచాడు.

"పోనీండి సార్, డైనింగు హాల్లో ఇంకా కుర్చీలు ఎయ్యాల."

ధనంజయ అతని భుజం పట్టి మళ్లీ కూర్చోబెట్టాడు. ఎదురుగా ఉన్నవాళ్లలో ఆయన్ని దేవుడని అననివాళ్లు లేరు. ఆయనకు భయమేసింది. అయినా మైకు అందుకున్నాడు.

"సంతకం పెట్టేదీ మానేదీ మీ ఇష్టమమ్మా," అన్నాడు. "ఆ పొద్దు ఆర్డరు రాంగానే నేను రెండు తూర్లు బటన్ నొక్కినాను, ఈయప్ప తగిలించడం మర్సిపోయిన వైరు వల్లనే మిస్సైలు లేవలేదు."