గట్టు మీది ఆవ మొక్క

మడిలో క్యాబేజీలు ఇంకా గడ్డ కట్టలేదు. మడి చుట్టూ గట్టు మీద ఆవ మొక్కలున్నాయి. వాటి ఆకుల నిండా పచ్చపురుగులే. పొద్దస్తమానం ఆ నమిలే చప్పుడు వింటూ క్యాబేజీలు వణికిపోతున్నాయి.

"ఆ పురుగులు రేపు మన మీదికే వస్తాయి. ఈ ముదనష్టపు ఆవ పోతేగానీ మనం బతకం" అంది మొదటి వరుసలోని క్యాబేజీ. అటుగా పోతున్న మేకను పిలిచింది. "మేక మామా! గట్టు మీద ఆవాకుంది, మొదలంటా మేసిపో."

"వద్దమ్మా!" అంది ఆవ మొక్క. "నా ఘాటు వాసనకే ఈ పచ్చపురుగులను కనే రెక్కల తల్లిపురుగు ఇక్కడ ఆగుతోంది. నేను లేకపోతే గుడ్లెక్కడ పెడుతుంది?"

"అబ్బో, ఒళ్లంతా చిల్లులే! నువ్వా మాకు కాపలా?"

క్యాబేజీలు పకపకా నవ్వాయి. ముందు నిలబడి దెబ్బలు తినేవాళ్లను చూస్తే వెనకున్నవాళ్లకు ఎప్పుడూ నవ్వే! మేక పురుగులతో సహా గట్టంతా మేసేసింది. చప్పుడు ఆగిపోయింది.

మసక చీకట్లో తల్లిపురుగు వచ్చింది. గట్టు పొడవునా ఎగిరి ఎగిరి వెతికింది. ఆవ వాసన తగల్లేదు. మెల్లగా మడిలోకి దిగి, మొదటి వరుసలోని క్యాబేజీ మీద వాలింది.

"ఇన్నాళ్లూ ఇటు చూడనే లేదు. ఎంత లేతగా ఉన్నావే తల్లీ!" అంటూ గుడ్లు పెట్టసాగింది.