ఏడో గది పథ్యం

ఏడో గది నుంచి పళ్లెం వెళ్లింది వెళ్లినట్టే తిరిగొచ్చింది. ఉడికించిన చిక్కుళ్లు అలాగే ఉన్నాయి. గోధుమ రొట్టె అంచు కూడా విరగలేదు. దోసకాయ ముక్కలు మాత్రం నీరు కారి మెత్తబడ్డాయి.

వంటాయనకి ఒళ్లు మండింది. ఆసుపత్రి వంటింట్లో ఇరవై రెండేళ్లు పథ్యం వండిన చెయ్యి అది. ఉప్పు కూడా కొలత చెంచాతోనే వేసే మనిషి. అలాంటివాణ్ని పనిగట్టుకుని ఇక్కడికి బదిలీ చేయించారు. అదీ ఒక్క మనిషి కోసం.

వచ్చిన రోజే సూపరింటెండెంటు కూర్చోబెట్టి చెప్పాడు. ఏడో గది పెద్దాయనకి షుగరు మూడొందలు దాటి కిందికి దిగడం లేదు. బీపీ సంగతి చెప్పక్కర్లేదు. కాలి మీద పుండు మానడం లేదు. మందులొక్కటే చాలవు, తిండి మారాలి. పైనుంచి నెలనెలా అడుగుతున్నారు, జవాబు చెప్పలేక చస్తున్నానన్నాడు.

ఆయనెవరో, పైవాళ్లకి ఆయన మీద అంత శ్రద్ధ ఎందుకో వంటాయన అడగలేదు. పళ్లెం వరకే తన పని. ఒకప్పుడు ఇళ్లు కట్టేవాడని, అందరూ మేస్త్రీ అంటారని మాత్రం తెలిసింది.

మేస్త్రీ మాటకారి. వంటాయన పక్కన కూర్చుని బతిమాలితే నవ్వేసేవాడు. "ఇది కూరా తమ్ముడూ, తడిపిన సిమెంటా?" అనేవాడు. పథ్యం ముట్టడు గానీ, టీలో నాలుగు చెంచాల చక్కెర పడాల్సిందే. అది ఎక్కణ్నించి వస్తోందో కనిపెట్టడానికి వంటాయనకి వారం పట్టింది. పక్క గదులవాళ్లు తమ వంతు చక్కెర, తీపి బిస్కెట్లు పొట్లాలు కట్టి ఆయనకి చేరవేస్తున్నారు.

వంటాయన వాళ్లని నిలబెట్టి కడిగేశాడు. తెలిసి తెలిసి మనిషికి విషం పెడుతున్నారు, మీకు మనసనేది ఉందా అని అడిగాడు. ఒకాయన ఏదో చెప్పబోయాడు. మేస్త్రీ ముఖం చూసి ఆగిపోయాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి. వంటాయన పట్టు వదల్లేదు. చిక్కుళ్లు కాదంటే పాలకూర, పాలకూర కాదంటే మొలకెత్తిన పెసలు. వెల్లుల్లి దోరగా వేయించి ఘుమఘుమలాడించాడు. ఉప్పు లోటు నిమ్మకాయతో పూడ్చాడు. పళ్లెం మాత్రం నిండుగా వెళ్లి నిండుగానే వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆ పళ్లెం చేత్తో పట్టుకుని ఏడో గదిలోనే నేల మీద కూలబడ్డాడు. ఈసారి కోప్పడలేదు.

"మా ఆవిడకీ షుగరే. ఆసుపత్రిలో వందమందికి కొలిచి కొలిచి వండేవాణ్ని. ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. దార్లో ఏ వేపుళ్లో, మిఠాయో కొనుక్కొచ్చి ముందు పెట్టేవాణ్ని. మొదట కాలు తీసేశారు. ఏడాది తిరక్కుండా మనిషే పోయింది."

మేస్త్రీ నవ్వలేదు. "ఆవిడేమీ అనేది కాదా?"

"అనేది కాదు. నేను పెట్టింది తినేది."

తర్వాత వంటాయన ఎవరితోనూ అనని మాట అన్నాడు. ఆసుపత్రిలో రోగులు వస్తుంటారు, పోతుంటారు, ఎవరు కోలుకున్నారో వంటింటి దాకా తెలియదు. తన చేతి తిండి తిని ఒక్క మనిషైనా బాగుపడటం కళ్లారా చూడకపోతే ఈ జన్మకి కంటి నిండా నిద్రపట్టదన్నాడు.

మేస్త్రీ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. ఎప్పుడో సున్నం తిన్న మచ్చలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"ఆ పళ్లెం ఇటివ్వు," అన్నాడు.

చల్లారిపోయిన చిక్కుళ్లు ఒక్కటి మిగల్చకుండా తిన్నాడు.

మర్నాటి నుంచి పొట్లాలు తిప్పి పంపేశాడు. పక్క గది ఆయన నీకేమైనా పిచ్చా అని అరిచి, ఆ వెంటనే గోడవైపు తిరిగాడు. మేస్త్రీ ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ వరసలో అందరూ వంటాయనతో మాట్లాడటం మానేశారు. పంచుకు తినే సరదా పోగొట్టానని ఉక్రోషం కాబోలు, నాల్రోజులు పోతే సర్దుకుంటారులే అనుకున్నాడు.

మేస్త్రీ పొద్దున్నే ఆవరణలో అరగంట నడిచేవాడు. టీ చక్కెర లేకుండా తాగేవాడు. సోమవారం సోమవారం డాక్టరు వచ్చి బరువు చూసి రాసుకునేవాడు. నాలుగు నెలలకి షుగరు నూటపదికి దిగింది. కాలి పుండు మానింది. ముఖానికి రంగొచ్చింది. డాక్టరు రెండుసార్లు పరీక్ష చేసి, బాగుందని కాగితం రాశాడు. సూపరింటెండెంటు వంటాయన చెయ్యి పట్టుకుని ఊపి, ఇక ఆసుపత్రికి తిరిగి వెళ్లిపోవచ్చన్నాడు.

వెళ్లేముందు వంటాయన ఏడో గదికి పళ్లెం తనే తీసుకెళ్లాడు.

"మీ ఆవిడ చూసుంటే సంతోషించేది," అన్నాడు మేస్త్రీ, రొట్టె తుంచుకుంటూ. "ఇప్పుడు నిద్ర పడుతోందా తమ్ముడూ?"

"పడుతోంది." అది నిజం. "నేను లేను కదా అని మళ్లీ తీపి జోలికి పోయేవు."

"పోను," అన్నాడు మేస్త్రీ.

బదిలీ కాగితం కోసం వంటాయన ఆఫీసుకి వెళ్లాడు. గుమాస్తా పైకి పంపే కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు. అన్నిటికంటే పైన డాక్టరు రాసిందే ఉంది. అందులో తన వంట గురించి ఒక్క ముక్కైనా ఉందేమోనని వంటాయన ఆశగా ముందుకు వంగి చదివాడు.

'ఏడో గది ఖైదీ ఆరోగ్యం పూర్తిగా కుదుటపడినందున, అనారోగ్యం వల్ల మూడేళ్లుగా ఆగి ఉన్న ఉరిశిక్షను ఇక అమలు చేయవచ్చు.'