ఆటో ఐలేశ్‌కు వచ్చిన కల

“మేడమ్, ‘ఐలేశ్’ అని పిలవాలి. అంతే,” అన్నాడు డైరెక్టర్ అరవింద్ ఆరోసారి.

కస్తూరి తలూపింది. మహబూబాబాద్ స్టేషన్ బయట పొద్దుటి పొగమంచు ఇంకా విడవలేదు. వరసగా నిలబెట్టిన ఆటోలు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి.

ఇంటింటా కంటతడి పెట్టించే పెద్ద సీరియల్లో కస్తూరి పెద్దకోడలు. అందులోనే నవ్వించే ఆటోడ్రైవర్ ఐలేశ్. నటుడి పేరే పాత్రకూ పెట్టారు. అతను జనానికి తెగ నచ్చడంతో ‘ఆటో ఐలేశ్’ అని వేరే కామెడీ సీరియల్ మొదలైంది. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒక్క సీన్‌లోనూ ఎదురుపడలేదు. ఇవాళ పెద్దకోడలు ఇందులోకి అతిథిగా వచ్చింది.

ఆటోలో కునుకు తీసిన ఐలేశ్‌కు ఒక కల. పెద్దకోడలు రైలు దిగొచ్చి అతని ఆటో ఎక్కుతుంది. చివర్లో పేరు పెట్టి పిలుస్తుంది. కల చెదురుతుంది. రాసింది జనగామ పిల్ల భవ్య. తెరమీద తన పేరు పడబోయే మొదటి ఎపిసోడ్ ఇదే. ఎండొచ్చి మంచు విడిపోతే సీనూ లేదు, ఎపిసోడూ లేదు. భవ్య మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తోంది.

“యాక్షన్.”

మంచులోంచి కస్తూరి తేలి వచ్చింది. ఆటో దగ్గర ఆగి, పల్లీలు ఒలిచి ఐలేశ్ చేతిలో పోసింది.

“భూపాలపల్లి దాక వస్తవా?”

“కలల యాడికైనా ఒక్కటే కిరాయి. కూసోండ్రి.”

అందరూ నోరు మూసుకుని నవ్వారు. చివరి మాట దగ్గర కస్తూరి పెదవులు కదిలాయి. మాట రాలేదు.

“కట్.”

చిన్న నటుడి పేరు పలికితే నోరు అరిగిపోతుందా? భవ్యకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని దగ్గరికెళ్లింది. “అక్కా, గా ఒక్క పేరు కాడనే నా పనంత ఆగింది. జర అనరాదు.”

“అంట బిడ్డా,” అంది కస్తూరి. ఏడో టేకులోనూ అనలేదు.

ఐలేశ్ ఆటో దిగి వచ్చాడు. “భవ్యా, గా పేరు తీసెయ్. ‘ఇగో’ అనమను, సాలు.”

“గంత మాత్రానికే కల ఎట్ల చెదురుతదన్నా?”

“చెదురుతది. నాకెర్క.”

భవ్య అయిష్టంగానే పేరు కొట్టేసింది.

“ఇగో,” అంది కస్తూరి మెల్లగా. “ఇగో... నిన్నే.”

ఐలేశ్ ఉలిక్కిపడి లేచాడు. లేచి, కళ్లు తుడుచుకున్నాడు. అది స్క్రిప్టులో లేదు. కట్ చెప్పడం మరిచిపోయి అరవింద్, “ఇదే ఓకే,” అన్నాడు.

ఎండొచ్చింది. కస్తూరి రైలెక్కి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫాం మీద ఐలేశ్ కదలకుండా నిలబడ్డాడు.

“సీన్ మంచిగొచ్చిందన్నా. కని ఆమెకు గంత పొగరేంది?” అంది భవ్య.

“పొగరు గాదు. లింగాల ఘనపూర్‌ల మేమిద్దరం ఒక్క బ్యాచుల నాటకాలాడినోళ్లం. తొమ్మిదేండ్ల కింద లడాయి పెట్టుకొని పోయింది. అన్నీ మర్సిపోయిందనుకున్న, ఇయ్యాల్టి దాక.”

“మరి పేరెందుకు పలకలే?”

ఐలేశ్ రైలు పోయిన దిక్కే చూస్తూ నవ్వాడు.

“మొగని పేరు ఎట్ల తీస్తది.”