మావాడే

చర్ల బస్సు దిగిన మనిషి నేరుగా తండాకొచ్చి జైరాం గుడిసె ముందు నిలబడ్డాడు. నెత్తి నుంచి కాళ్లదాకా తడిసిపోయి ఉన్నాడు.

"హెలికాప్టర్ ఎటువైపు పడింది?"

"ఎటు పడ్డదో తెలిస్తే తొమ్మిది దినాల సంది ఎందుకు దేవులాడుతం సార్?" అన్నాడు జైరాం.

భద్రాచలం నుంచి సరిహద్దు అవతలి గనికి బయల్దేరిన ఒక ప్రైవేటు కంపెనీ హెలికాప్టర్ ఆ ఆగస్టు వానల్లో మాయమైంది. అందులో ఉన్నది పైలట్ రాజేష్ ఒక్కడే. చర్ల దాటితే సెల్‌ఫోన్లు పలకని రోజులవి. కంపెనీ జీపులు వారం తిరిగాయి. అడవిలో వాళ్లకు తోవ చూపించింది జైరామే. వాన తగ్గాక వస్తామని చెప్పి వాళ్లు కూడా నిన్ననే వెళ్లిపోయారు.

"నన్ను తీసుకుపోతావా?"

"గీ వానలనా! పైలట్ మీకేమైతడు సార్?"

ఆ మనిషి మొహం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు.

"మావాడే."

పేరు రవీందరట. పైలట్‌కు అన్న అయి ఉంటాడనుకున్నాడు జైరాం. లేకపోతే ఇంత దూరం ఎవరొస్తారు?

జైరాం భార్య ద్వాలి జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది.

నాలుగు రోజులు ఇద్దరూ గుట్టలెక్కారు, దిగారు. రవీందర్ నేలను చూసేవాడు కాదు. చెట్ల కొసలు చూసేవాడు.

"ఏ కొస విరిగినా నాకు చెప్పు," అనేవాడు.

బూట్లు ఒరుసుకుని మడమలు పుండ్లయ్యాయి. జలగలు పట్టాయి. పీకి పారేసి నడిచేవాడు.

"మబ్బు అడ్డమొస్తే రాజేష్ ఎడమకు తిప్పుతాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పానో," అన్నాడొకసారి, తనలో తను అనుకున్నట్టు.

నాలుగోరోజు సాయంత్రం వణుకుతూ తిరిగొచ్చాడు. ద్వాలి గొంగడి కప్పింది.

"జరమొచ్చింది సార్. రేపు పోకుండ్రి."

"పొద్దుటికి తగ్గుద్దిలేమ్మా."

అంతలో తండా ముందు జీపు ఆగింది. కంపెనీ మేనేజర్ దిగి జైరాంను పక్కకు పిలిచాడు.

"నీ ఇంట్లో ఉన్నవాడెవడో తెలుసా? పైలట్ల యూనియన్ లీడర్. సమ్మె చేయించాడని పనిలోంచి తీసేశాం. ఇప్పుడు శవం దొరికితే రాజకీయం చేద్దామని వచ్చాడు."

జైరాం బిత్తరపోయాడు.

"కొత్త మనుషుల్ని అడవిలో నక్సలైట్ల దగ్గరికి తీసుకుపోతున్నావని స్టేషన్‌లో చెప్పమంటావా?"

ఆ ఒక్కమాట చాలు. అదే మాట మీద స్టేషన్‌కు పోయి, నలుగురు మోసుకొస్తే ఇల్లు చేరినవాళ్లు ఆ తండాలోనే ఉన్నారు.

జీపు వెళ్లాక జైరాం లోపలికొచ్చాడు.

"నువ్వు యూనియనోనివంట గద?"

"అవ్."

"యూనియన్ అంటే బొగ్గుబాయిలల్ల ఉంటదని ఎరుకే. గాలిల ఎగిరేటోళ్లకు గూడ ఉంటదా?"

రవీందర్ నవ్వలేదు.

"వానలో ఎగరమంటారు. ఎగరనంటే తీసేస్తారు. కింద పడేది మేమే గద జైరాం."

తెల్లారింది. జైరాం గడపలో కూచుని పాదం పట్టుకున్నాడు.

"కాలు బెణికింది సార్. నాతోని కాదు."

రవీందర్ ఆ కాలువైపు చూశాడు. అది బాగానే ఉందని అతనికి తెలిసిపోయింది.

"సరే. తోవ చెప్పు చాలు."

జైరాం తలెత్తకుండానే చెయ్యి చాపి చూపించాడు. అటుపక్క పొంగుతున్న వాగు తప్ప ఏమీ లేదు. దాటలేక మధ్యాహ్నానికి తిరిగొస్తాడు, విసిగి బస్సెక్కుతాడు అనుకున్నాడు.

మధ్యాహ్నం రాలేదు. చీకటి పడ్డా రాలేదు.

"జరంతోని ఉన్న మనిషిని ఒక్కన్నే పంపినవ్," అంది ద్వాలి. ఆ తర్వాత మొగుడితో మాట్లాడలేదు.

రెండు రోజులు ఓర్చుకుని, మూడోరోజు జైరాం తండావాళ్లను ముగ్గుర్ని వెంటేసుకుని కదిలాడు. తగ్గిన వాగు దాటితే, అవతల రవీందర్ కొమ్మలు విరిచి పెట్టిన గుర్తులు కనిపించాయి. అవి ఎడమవైపు గుట్ట మీదికి పోయాయి.

గుట్ట మీద వెదురుపొదల్లో హెలికాప్టర్ రెండు ముక్కలై పడి ఉంది.

రాజేష్ శవాన్ని ఎవరో బయటికి తీసి చక్కగా పడుకోబెట్టారు. మీద రవీందర్ రెయిన్‌కోటు ఉంది. నక్కలు రాకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. పక్కనే బురదలో రవీందర్ ముడుచుకుని పడి ఉన్నాడు. ఒళ్లు నిప్పుల్లా కాలుతోంది. చేతిలో కర్ర మాత్రం వదల్లేదు.

"సార్, నేను జైరాంను."

రవీందర్ కళ్లు తెరిచాడు గానీ గుర్తుపట్టలేదు.

డోలీ కట్టి మోశారు. భద్రాచలం దవాఖానా చేరేసరికి మాట పడిపోయింది.

"జ్వరం మెదడుకెక్కింది. రెండ్రోజుల ముందు తెస్తే బతికేవాడు," అన్నాడు డాక్టర్.

ఆ సాయంత్రమే పోయాడు. రాత్రికల్లా రాజేష్ శవాన్ని కూడా తండావాళ్లు అక్కడికే చేర్చారు.

మర్నాడు రాజేష్ భార్య హైమ వచ్చింది. పైలట్ తన ఇష్టంతోనే వానలో ఎగిరాడని రాసిన కాగితం పట్టుకుని, సంతకం పెట్టమని మేనేజర్ ఆమె వెంటే తిరిగాడు. ఆమె అతని మొహం కూడా చూడలేదు.

శవాల గదిలో రెండు బల్లలు పక్కపక్కనే ఉన్నాయి. జైరాం చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీ ఇంటాయనను దేవులాడి పట్టింది ఈ సారే. జరంతోనే కావలి కాసిండు. నేను భయపడి ఒక్కన్నే పంపిన. తప్పు నాదే."

హైమ రెండో బల్ల మీది దుప్పటి తొలగించింది. ఆ ముఖం చూసి రెండు చేతులూ జోడించింది.

"మీ ఇంటాయన గూడ యూనియన్ మనిషేనా అమ్మా? గందుకేనా ఈ సారు గింత పానం పెట్టింది?"

ఆమె రవీందర్ మీదికి దుప్పటి మెల్లగా లాగింది.

"కాదన్నా," అంది. "ఈయన బెదిరించి సమ్మె చేయించాడని కంపెనీకి అబద్ధపు కాగితం రాసిచ్చి, ఈయన ఉద్యోగం పోగొట్టింది మా ఆయనే."