లెనోర్ పుట్టుమచ్చ

“పాటలో పుట్టుమచ్చ లేదు!” తేజేశ్వర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సన్నీవేల్ ఆఫీసులో అప్పటికి తొమ్మిదయింది. పదకొండింటికి ప్రివ్యూ. డెబ్బై ఏళ్లు దాటిన నలుపు తెలుపు సినిమాకి దుమ్మూ గీతలూ తుడిచి కొత్త కళ తెచ్చే పని అతనిది. ఈ ప్రివ్యూ గట్టెక్కితేనే అతని కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ అవుతుంది. ఇంతా చేశాక ఇప్పుడీ మచ్చ గొడవ!

హీరోయిన్ లెనోర్ హేల్ అనగానే జనానికి గుర్తొచ్చేవి రెండే. గడ్డం మీది పుట్టుమచ్చ, కళ్లకు ముసుగు కట్టుకుని చేసిన డాన్స్. ఆ డాన్స్‌తోనే ఆమె స్టార్ అయింది. తీరా చూస్తే ఆ నాలుగు నిమిషాల్లోనే మచ్చ లేదు.

“మన సాఫ్ట్‌వేర్ దుమ్మనుకుని తుడిచేసిందేమో?” అంది పక్క సీటు శ్రీవిద్య.

“ఒరిజినల్ స్కాన్ చూశా. అందులోనే లేదు. ఆ రోజు మేకప్ ఎక్కువై కనపడకుండా పోయుంటుంది.”

“అయితే వదిలెయ్. లేనిది మనమెందుకు యాడ్ చేయాలి?”

“ఇవాళ వచ్చేదెవరనుకున్నావ్? లెనోర్ పోయింది కానీ ఆమెకి మేకప్ చేసిన రూత్ ఇంకా ఉంది. తొంభై నాలుగేళ్లు. మచ్చ లేకపోతే ముందు పట్టేసేది ఆవిడే. మనమే చెరిపేశామంటుంది. నా పని గోవిందా!”

కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నాడు. చంటిపిల్లకి దిష్టిచుక్క పెట్టినంత శ్రద్ధగా, పాట పొడుగునా మచ్చ పెట్టేశాడు.

ప్రివ్యూలో రూత్ ముందు వరసలో కూర్చుంది. పాట మొదలవగానే ముందుకు వంగింది. చూస్తున్నకొద్దీ ఆమె ముఖం వాడిపోయింది.

“మళ్లీ వెయ్యండి,” అంది. రెండోసారి పాట వేసినప్పుడు కర్ర ఊతంతో తెర దగ్గరికి వెళ్లి, ఆ గడ్డాన్ని వేలితో తాకింది.

“ఈ మచ్చ మీరు పెట్టారా?”

“అయ్యో, లేదండీ! మేం దుమ్ము తుడిచామంతే. ఒరిజినల్‌లో ఉన్నదే.”

శ్రీవిద్య తల దించుకుంది. రూత్ మెల్లగా వచ్చి కుర్చీలో కూలబడింది.

“అయితే నాకే మతి తప్పిందన్నమాట.”

“ఏమైందండీ?”

“అది లెనోర్ సొంత మచ్చ కాదు. రోజూ నేనే పెన్సిల్‌తో పెట్టేదాన్ని. ఆమెకి డాన్స్ రాదు. ముసుగు కట్టుకుని ఆ పాట ఆడింది నేను. ఎక్కడా నోరు విప్పకూడదని స్టూడియోవాళ్లు సంతకం పెట్టించుకున్నారు. ఎప్పటికైనా ఎవరో ఒకరు కనిపెట్టకపోతారా అని...”

ఆమె తన గడ్డం తడుముకుంది.

“ఆ రోజు నేను మచ్చ పెట్టుకోలేదనే అనుకుంటున్నాను, ఇన్నేళ్లూ.”