చప్పుడు మీద సభ

కొత్త ఎయిర్‌పోర్టు విమానాలు తమ కాలనీ మీదుగా ఎగరకూడదని, ఎన్నడూ కలవని రెండు పార్టీల వాళ్లూ ఒకే టెంటు కింద కూర్చున్నారు. సర్వే అధికారి సూర్యప్రకాశరావుకు చాయ్ ఇచ్చారు. మనవణ్ని చంకనేసుకుని సారవ్వ మైకు అందుకుంది.

"చెవులు పగుల్తయి సారూ! పసిపోరగాండ్లు ఉలిక్కిపడ్తరు. గంత సప్పుడు మాతోని కాదు."

పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో సైరన్ మోగింది. సారవ్వ మాట ఆపింది. టెంటులో అందరూ ఎవరి చాయ్ గ్లాసు వాళ్లు గట్టిగా పట్టుకున్నారు.

బ్లాస్టింగ్ ఢామ్మని పేలింది. నేల అదిరింది. సూర్యప్రకాశరావు చాయ్ ఆయన చొక్కా మీద ఒలికింది. చంకలో మనవడు కదలనైనా కదలలేదు.

"ఆఁ, ఏడిదాంక చెప్పిన? సప్పుడు కాడ ఆగిన..."

"అమ్మా, విమానం చప్పుడు దీనికంటే తక్కువేనండీ!" అన్నాడాయన చొక్కా దులుపుకుంటూ.

సారవ్వకు కోపమొచ్చింది.

"గది సప్పుడా సారూ? పేల్చేది నా కొడుకు. పొద్దుగాల డ్యూటీకి పోయినోడు మంచిగనే ఉన్నడని నాకు గదే చెప్తది. గది ఇన్నంకనే పొయ్యి మీద బియ్యం పెడ్త. రేపు నెత్తి మీద విమానం మొత్తుకుంటుంటే, నా కొడుకు నాకెట్ల ఇనవడాలె?"