ఎవరి వైపు యాస

పెరట్లో ఫోను మాట్లాడుతున్నది తన మొగుడేనా అని భారతికి అనుమానమొచ్చింది.

"తిన్నావేటి? బెంగెట్టుకోకు. శనివారం వస్తన్నాను కదా" అంటున్నాడు ధర్మేంద్ర.

గొంతు ఆయనదే. మాట మాత్రం ఆయనది కాదు.

ధర్మేంద్ర విజయనగరంలో తెలుగు లెక్చరరు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టు తప్ప మాట్లాడడు. పెళ్లయిన కొత్తలో భారతి "ఏటండీ" అంటే చాలు, మొహం చిట్లించేవాడు. "ఏమిటండీ అను" అని పదిమందిలో సిగ్గు తీసి మరీ ఆమె నోరు మార్పించాడు. కొడుకు వినోద్ "సూడు నాన్నా" అన్నప్పుడల్లా వాడికి మొట్టికాయ, ఆమెకి దెప్పుడు.

"ఈ యాస మీ వైపు నుంచే వచ్చింది. మా వంశంలో లేదు."

పెళ్లయిన ఈ పందొమ్మిదేళ్లూ ఇలాంటి మాటలే పడింది పాపం.

అలాంటి మనిషి ఇప్పుడు ఎవత్తెతోనో అదే యాసలో, ఇంత ముద్దుగా మాట్లాడుతున్నాడు. తనతో ఒక్కనాడైనా ఇలా మాట్లాడాడా? భారతికి ఒళ్లు మండిపోయింది.

శనివారం స్పెషల్ క్లాసులున్నాయని బయల్దేరాడు. అదే రైల్లో వెనక పెట్టె ఎక్కింది భారతి. ధర్మేంద్ర కోటబొమ్మాళిలో దిగి, చేపల బజారు వెనక సందులో ఒక రేకుల ఇంటి ముందు చెప్పులు విడిచాడు. తలుపు కొట్టకుండానే లోపలికి పోయాడు.

గుమ్మం బయట నిలబడితే నవ్వులు వినిపించాయి.

"ఇంకో ముక్కెయ్యి. నీ సేతి పులుసు మా ఇంట్లో ఎవులు సెయ్యగలరు?"

ఇన్నేళ్లూ నా వంటకి వంకలు పెట్టింది ఇందుకా అనుకుంది భారతి. ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని తలుపు తోసింది.

"ఏటిది? ఎవులీవిడ?"

మానేసి పందొమ్మిదేళ్లయిన మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

ధర్మేంద్ర ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వడ్డిస్తున్న ముసలావిడ గరిట పట్టుకునే ఇటు తిరిగింది. "ఎవులురా ధర్మా, ఈయమ్మ?"

ఆమె ఒంటి మీద ఆకుపచ్చ చీర. తమ పెళ్లికి ముందే పోయిందని ధర్మేంద్ర చెప్పిన అత్తగారి పేరున మొన్న పెద్దల అమావాస్యకి భారతి దీపం వెలిగించి, దణ్ణం పెట్టి సమర్పించిన చీరే అది.